అంచుకు పెట్టినవి

ఈ దసరా పొద్దున చింతపండు పిసుకుతుంటే చూపుడు వేలి మీది కోతలోకి పులుపు దిగి చుర్రుమంది. ఉల్లిగడ్డ తరుగుతూ నా వేలిని నేనే కోసుకున్నాను కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి లేదు. దసరా నాడు మా ఇంట్లో మటన్ వండే అర్హత నాకు లేదు. ఒకే ఒక్కసారి వండాను. ఆ తరువాత ఇంటివాళ్లంతా ఏకగ్రీవంగా నన్ను పచ్చి పులుసుకు బదిలీ చేశారు. పొయ్యి మీద పచ్చిమిర్చి కమురుతుంటే ఘాటుకు తుమ్ము వచ్చింది. తుమ్ముతోపాటే యాదమ్మ మేడం గుర్తొచ్చారు. పక్కన ఉంటే, "తుమ్మితె తుమ్మినవ్ కని, గిన్నె మీద మూత పెట్టి తుమ్మరాదా?" అనేవారు.

మా దిక్కు అన్నంలో పక్కన నంజుకోవడానికి పెట్టుకునే వాటిని అంచుకు పెట్టుకునేవి అంటాం. కంచంలో వాటికి దక్కే జాగా అంచే. పండుగ ముచ్చట్లలో ఎవరూ వాటి పేరు ఎత్తరు. "దసరాకు ఏం వండిన్రు?" అని అడిగితే "మటన్" అంటారు. ఆ మటన్‌ను గొంతు దాటించిన పులుసు సంగతి ఎవరూ చెప్పరు. ఆ చిన్న గిన్నెలతో ఒక మనిషి ఎంత దూరం నడిచిందో నేను దగ్గరుండి చూశాను కనుక, ఆమెను ఎన్నడూ చూడని మీకు చెప్పాలనిపించింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీ పట్టా చేతికి వచ్చిన తరువాత, నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ఏ శాఖో చెప్పను. చెప్పినా అది ఏం పని చేస్తుందో మీకు అర్థం కాదు. మాకు కూడా నెలాఖరు నివేదిక రాసేటప్పుడే కొంత స్పష్టత వచ్చేది. యాదమ్మ మేడం అక్కడ సూపరింటెండెంటు. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, గంజి పెట్టిన నేత చీర, చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. నేను నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి, మొదటి రోజే ఆమె చీర చూసి అది ఏ ఊరి మగ్గం మీద నేసిందో చెప్పి మెప్పు పొందాలని చూశాను.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నారు మేడం. "ఇగ గీ అర్జీలు చూసి ఏది ఏ ఊరిదో చెప్పు." నా తల ఎత్తు కట్ట ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆఫీసులో నాకు జోకులవాడని పేరు వచ్చింది. పని పేరు రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఒక రోజు మా జిల్లాలోని నాంపల్లి దిక్కు నుంచి ఒక ముసలాయన తన అర్జీ ఏమైందని అడగడానికి వచ్చాడు. అది ఆయనకు మూడో రాకడ. "తాతా, నీకు ఒక కుర్చీ వేయిస్త, రిజిస్టర్ల సంతకం గుడ పెట్టిపో, నెలకు జీతమొస్తది" అన్నాను. గదంతా నవ్వింది. మేడం తల ఎత్తి చూశారు. నవ్వలేదు, కోప్పడలేదు. ముసలాయన్ని తన ముందు కూర్చోబెట్టి కాగితాలు తీశారు. నియమం ప్రకారం ఆయన దగ్గర ఉండవలసిన పత్రం లేదు. మేడం ఆ నియమాన్ని చివరి పంక్తి దాకా చదివారు. అడుగున, ఎవరూ చదవని చోట, ఆ పత్రం లేకపోతే ఇంకొకటి చాలునని ఉంది. ఆ ఇంకొకటి ఆయన అంగీ జేబులోనే ఉంది, మూడుసార్లుగా.

ఆయన వెళ్లాక నన్ను పిలిచారు. "నవ్విచ్చుడు మంచిదే సీనూ. కని నవ్వినోళ్లను చూసి మురువకు. నవ్వనోడు ఎవ్వడో చూడు. పని ఆడుంటది." తరువాత అదే గొంతుతో, "రూలు ఉన్నదని భయపడకు. అది ఎక్కడిదాక ఉన్నదో చూడు. అది అయిపోయిన కాడికెళ్లి మనది," అన్నారు.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు ఆఫీసు ఆడవాళ్లు తలా ఒక రకం సద్ది, అంటే నువ్వులన్నమో పులిహోరో పెరుగన్నమో, కలిపి తెచ్చేవాళ్లు. బల్లలన్నీ దగ్గరికి జరిపి అందరం తినేవాళ్లం. మగవాళ్లం మా వంతుగా ఆకలి తెచ్చేవాళ్లం. నేను చేరిన ఏడాది ఆ బల్ల మీద అన్నిటికంటే ముందు ఖాళీ అయింది మేడం తెచ్చిన పచ్చి పులుసు. తిన్నాక కుళాయి దగ్గర ఆమె గిన్నెలు కడుగుతుంటే నేను పక్కన నిలబడి, "మేడం, అందరు సద్దులు తెస్తె మీరు పులుసు తెచ్చి పేరు కొట్టేసిన్రు. ఇది హుషారుతనం," అన్నాను.

"హుషారుతనమే," అన్నారు మేడం. గిన్నె తిప్పి తిప్పి కడుగుతూ చెప్పారు. "మా నాయిన, మా అమ్మ ఇద్దరు దేవరకొండ దిక్కు కూలికి పోయినోళ్లే. మా ఇంట్ల సర్కారు నౌకరి నాదే మొదలు. కొత్తగ చేరిన ఏడు నేను గుడ నువ్వుల సద్ది తెచ్చిన. తెల్లారగట్ల లేసి వండిన. అందరి గిన్నెలు అందరికాడికి పోతానయ్. నా గిన్నె నాకాడనే ఉన్నది. ఒక్కలు గుడ ఒక్క మాట అనలే. అందరు మంచోళ్లే. 'కడుపు నిండింది యాదమ్మా' అన్నరు."

"ఏడ్చిన్రా మేడం?"

"ఏడ్సుడెందుకు? ఇంటికి వోయి తిన్న. మంచిగైంది సద్ది." గిన్నెను వెలుతురుకు ఎత్తి చూసుకున్నారు. "మర్సటేడు కీరకాయ కోసి తెచ్చిన. అయిపోయింది. ఓహో, ఈడ రూలు పొయ్యికాడ ఉన్నది అనుకున్న. పై ఏడు పెరుగుల ఉల్లిగడ్డ కలిపి తెచ్చిన. అది గుడ అయిపోయింది. ఆటెనుక పచ్చి పులుసు. చింతపండు పిసికిన చెయ్యి నాదే, పోసిన నీళ్లు నాయే. మిర్చి నా పొయ్యి మీద కాలిందే. కని ఉడుకలేదు కద, ఎవ్వరికి అనుమానం రాలే. ఏండ్లకేండ్లు అంచుకు పెట్టుకున్నరు. ఒకనాడు పెద్ద క్లర్కమ్మ, ఇప్పుడు గుడ మన ఆఫీసుల ఉన్నది కద, ఆమెనే, అడిగింది. 'గింత మంచి పులుసు తెస్తవ్, దీంట్లకు అన్నం తేవేంది యాదమ్మా?' అని. అన్నం దాక పోనీకె తొమ్మిదేండ్లు వట్టింది. ఫైలు జర ఎక్కువ టేబుళ్లు తిరిగింది, గంతే."

నాకు ఏదో ఒక జోకు వేయాలనిపించింది. గిన్నె తుడవడానికి గుడ్డ అందించాను.

రెండేళ్లు తిరక్కుండానే కొత్త జిల్లాలు వచ్చాయి. మా ఆఫీసు మూడు ముక్కలైంది. బీరువాలు భువనగిరికి పోతే వాటి తాళంచెవులు సూర్యాపేటకు పోయాయి. మేడం, నేను నల్లగొండలోనే మిగిలాం. ఆ ఏడే నేను ప్రశాంతిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాను. ప్రశాంతి గురుకుల పాఠశాలలో టీచరు. వాళ్లది మర్రిగూడ దగ్గరి పల్లె. వాళ్ల అమ్మానాన్నలు ఒకప్పుడు ఇతరుల చేలలో పని చేసినవాళ్లు, ఇప్పుడు సొంతంగా కొంత పత్తి వేస్తారు, ఆదివారం చర్చికి పోతారు. మాది మునుగోడు దిక్కు. మా అమ్మ నేను డిగ్రీలో ఉండగానే పోయింది. నాయిన మా అన్న దగ్గర ఉంటూ ఇంకా మగ్గం మీద కూర్చుంటాడు.

పెళ్లయ్యాక నాయిన నాతో ఏడాది మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా ఆయన పెద్దగా మాట్లాడడు కాబట్టి తేడా కనిపెట్టడానికి నాకు నెల పట్టింది. ఒక రోజు తాను నేసిన చీర సంచిలో పెట్టుకొని చెప్పకుండా మా కిరాయి ఇంటికి వచ్చాడు. చీర ప్రశాంతి చేతికిచ్చి, ఆమె వండిన అన్నం తిని, "కోడలంటె మనింటి మనిషే కద," అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఆ రూలు ఎక్కడ రాసి ఉందని నేను అడగలేదు. అనుకూలమైన రూలుకు ఆధారం అడగకూడదని ఆఫీసులో నేర్చుకున్నాను.

కానీ ఆ రూలు కోడలి దగ్గరే ఆగిపోయింది. మా అత్తమ్మ కరుణమ్మ ఒకసారి కూతుర్ని చూడటానికి టిఫిన్ నిండా గారెలు చేసుకొని వచ్చింది. ఆ రోజు నాయిన మా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ప్లేటులో నాలుగు గారెలు పెట్టి ఆయన ముందుకు చాపింది. నాయిన గోడ వైపు చూస్తూ, "కడుపు మంచిగ లేదు," అని ప్లేటును వేలితో అవతలికి జరిపాడు. కొంతసేపటికి ఊరికి బయలుదేరి వెళ్లిపోయాడు. అత్తమ్మ కూడా తన బస్సు కోసం బస్టాండుకు పోయింది. అక్కడ మిర్చి బజ్జీల బండి ముందు నాయిన నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు, నోట్లో ఒకటి. ఆయన చూడకుండా ఆమె బస్సు వెనుక నుంచి చుట్టూ తిరిగి పోయింది. ఈ సంగతి కూతురికి చెప్పడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. మళ్లీ మా ఇంటి గడప తొక్కలేదు.

ఆ మరుసటేడు దసరా నాటికి ప్రశాంతికి ఏడో నెల. పండుగ ఇంకా పది రోజులుందనగా నాకు నోటీసు ఇచ్చింది. అది నోటీసే, ముచ్చట కాదు. "దసరాకు మా అమ్మ వస్తది. నేనే పిలిచిన. మీ నాయినను గుడ పిలువు. మా అమ్మ వండుతది, అందరు కూసొని తినాలె."

"నాయిన సంగతి..."

"ఎర్కనే. ఆయన తినకుంటె తినకపోనీ, బలిమి లేదు. కని మా అమ్మ చాపిన చెయ్యి ఇంకోసారి ఎనక్కి పోతె, నేను పురుడు పోసుకొని ఆడనే ఉంట. మా అమ్మ రాని ఇంటికి నా బిడ్డ ఎందుకొస్తది?"

"అయితె ఇంటి ముందలనే బజ్జీల బండి పెట్టిద్దాం. కడుపు సంగతి అది చూసుకుంటది," అన్నాను.

ప్రశాంతి నవ్వలేదు. నవ్వనివాళ్లు ఎవరో చూడమని మేడం చెప్పారు. ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే.

మర్నాడు మేడం ముందు కూర్చొని అంతా చెప్పాను. పరిష్కారం కూడా నేనే తీసుకుపోయాను, హోటల్ బిర్యానీ. మా నాయిన నల్లగొండలో తినని హోటల్ లేదు. ఏ వంటగదిలో ఎవరున్నారో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. తెలియకపోవడం వల్ల ఆయనకు రుచి తగ్గినట్టు ఎన్నడూ కనిపించలేదు.

"తెప్పియ్యి," అన్నారు మేడం. "అందరు తింటరు. కని అండ్ల ఎవ్వరు ఎవ్వరికి పెట్టినట్టు?"

చింపిన కవరు ఒకటి వెనక్కి తిప్పి పెన్ను తీశారు. "అన్నం మీ ప్రశాంతి వండుతది. దానికి మీ నాయినకు అభ్యంతరం లేదు. మటన్ నువ్వు వండు."

"నాకు రాదు మేడం."

"వస్తది తీయ్. అంచుకు పెట్టేటియి మీ అత్తమ్మ. ముందుగాల పెరుగుల ఉల్లిగడ్డ, కీర. పొయ్యి లేదు, అడ్డు లేదు. ఆటెనుక పచ్చి పులుసు. తర్వాత బొబ్బర్ల గుడాలు, అవి ఉడుకుతయ్ కద, ఆడ జర ఎత్తు మెట్టు. ఆఖరుకు గారెలు. ఏ మెట్టు మీద ఆగుతడో చూద్దాం. ఏదీ కష్టమైన వంట కాదు. కష్టమైంది వంట కానే కాదు."

ఆదివారం నాడు ఆమే స్వయంగా మా ఇంటికి వచ్చి ఈ పథకాన్ని ప్రశాంతికి వివరించారు. ప్రశాంతి టీ కప్పు ఆమె ముందు పెట్టి చివరిదాకా విన్నది.

"మేడం, ఒకటి అడుగుత, ఏమనుకోకున్రి. మా అమ్మ ఏం తప్పు చేసిందని పొయ్యికి దూరమున్నట్టు చెయ్యాలె? ఆమె గారెలను దొంగ సామాను లెక్క ఆఖరుకెందుకు తియ్యాలె?"

"తప్పు లేదు బిడ్డా. తొవ్వ గట్లున్నది."

"మీరు తొమ్మిదేండ్లు ఆగిన్రట, సీను చెప్పిండు. మా అమ్మ ఎందుకాగాలె? ఆయనకు అనుమానం రాకుంట తినవెడితె ఆయన తిన్నట్టు కాదు మేడం. మా అమ్మను దాసినట్టు."

నేను వంటగదిలోకి పారిపోదామనుకున్నాను. అది నాలుగడుగుల దూరంలోనే ఉంది, లాభం లేదు. మేడం టీ మొత్తం తాగారు.

"నిజమే," అన్నారు చివరికి. "నన్ను ఎవ్వరు గిట్ల అడగలే." లేచి, ముందు గదిలో అటూ ఇటూ చూశారు. "మీ మామ ఎక్కడ కూసుంటడు?"

ప్రశాంతి కిటికీ పక్క కుర్చీ చూపించింది.

"ఆడికెళ్లి పొయ్యి కనవడుతదా?"

ప్రశాంతి కుర్చీని రెండడుగులు జరిపి, వంటగది తలుపుకు ఎదురుగా పెట్టింది. "ఇప్పుడు కనవడుతది."

"అయితె మిర్చి ఆయన చూస్తుండంగ కాల్చమను. గుడాలు ఆయన చూస్తుండంగ ఉడుకవెట్టమను. దాసుడు లేదు. తింటె తెలిసి తినాలె, తినకుంటె గది గుడ తెలిసే." నా వైపు తిరిగి, "నువ్వు మటన్ మాత్రం తప్పొద్దు," అన్నారు.

దసరా నాడు అత్తమ్మ మొదటి బస్సుకే వచ్చింది. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు ప్రశాంతి నాయిన మోకాళ్లను ఎప్పుడో బిగించేశాయి, ఆయన బస్సు మెట్లు ఎక్కలేడు. తమ చేలో కాసిన బొబ్బర్లు, నువ్వులు సంచిలో తెచ్చింది. నాయిన పది గంటలకు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. అంత చిన్న ఇంట్లో అది తేలిక కాదు. మేడం మధ్యాహ్నం వచ్చారు, ఖాళీ చేతులతో. క్యారియర్ లేకుండా ఆమెను చూసి నేను ఆశ్చర్యపోతే, మెల్లగా నా చెవిలో, "నేను తెస్తె మీ నాయిన నన్ను మెచ్చుకుంటడు. ఆఫీసరమ్మ అని తింటడు గుడ. ఇయ్యాల మెచ్చుకోవాల్సింది నన్ను కాదు," అన్నారు.

మటన్ కుక్కర్‌లో పెట్టి ఎనిమిది విజిళ్లు లెక్కపెట్టి దించాను. దసరా నాడు మధ్యాహ్నం వీధిలో ప్రతి ఇంట్లోనూ కుక్కర్ ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. నేను లెక్కపెట్టిన ఎనిమిదిలో మాది ఎన్నో నాకు నేటికీ తెలియదు.

అత్తమ్మ పొయ్యి ముందు నిలబడి పట్టకారుతో పచ్చిమిర్చిని మంట మీద తిప్పింది. మిర్చి పటపటమంది, పొక్కి నల్లబడింది. పొగకు నాయినకు దగ్గు వచ్చింది. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు, ఆ నెల తేదీలన్నీ చదివాడు, మళ్లీ పొయ్యి వైపు చూశాడు. ఆమె కాలిన మిర్చిని, ఉల్లిగడ్డను, ఉప్పును కలిపి పిడికిట పట్టి నలిపింది, చింతపండు రసం పోసింది, బిందెలోంచి నీళ్లు ముంచి పోసింది, నువ్వుల పొడి, కొత్తిమీర, చిటికెడు బెల్లం వేసింది. ఏ పనీ ఆయనకు కనపడకుండా చేయలేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

కింద చాప పరిచి అందరం కూర్చున్నాం. ప్రశాంతి అన్నం పెట్టింది, నేను మటన్ వడ్డించాను. నాయిన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అది చాలాసేపు అక్కడే ఉంది.

"ఏందిరా సీనూ," అన్నాడు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ, "మేకను వండినవా, మేకను కట్టేసిన తాడును వండినవా?"

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. పచ్చి పులుసు గిన్నె ఒక చేతిలో, గరిటె ఇంకో చేతిలో పట్టుకొని మేడంకు పోసింది, నాకు పోసింది, నాయిన ముందుకొచ్చి ఆగింది. పోయమంటవా అని అడగలేదు, పోయనూ లేదు. నిండిన గరిటె ఎత్తి పట్టుకొని నిలబడింది. ప్రశాంతి వంటగది తలుపుకు ఆనుకొని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకొని చూస్తోంది. మేడం తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నారు, కానీ ఆ ముద్ద ఎంతకీ నోటి దాకా రాలేదు.

నాయిన గరిటెలోకి చూశాడు. పైన నల్లటి మిర్చి పొట్టు తేలుతోంది.

"మిర్చి మంచిగనే కాలింది," అన్నాడు.

తరువాత మూడు వేళ్లతో అన్నం మధ్యలో గుంట చేశాడు.

అత్తమ్మ పోసింది. ఆయన కలుపుకొని తిన్నాడు. "ఇంకో గరిటె. గీ తాడును మింగాలంటె పులుసే దిక్కు." ఆమె మళ్లీ పోసింది. సగం తిన్నాక, కంచంలోకే చూస్తూ, "ఉప్పు జర తక్కువైంది చెల్లె," అన్నాడు. మా నాయిన బయటివాళ్ల వంటకు వంక పెట్టడు. అది ఆయన మా అమ్మకు, వదినెకు మాత్రమే ఇచ్చిన గౌరవం.

అత్తమ్మ కదల్లేదు. "కడుపు మంచిగున్నదా అన్నా, ఇయ్యాల?" అన్నది.

నాయిన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. బజ్జీల బండి దగ్గర ఆమె తనను చూసిందని ఆయనకు అప్పుడే తెలిసింది. మెడ వంచుకొని, "ఆనాడు గుడ మంచిగనే ఉండె," అన్నాడు.

అత్తమ్మ లోపలికి పోయింది. పోయిందంటే పోయిందనే అనుకున్నాను. ఉప్పు డబ్బాతో తిరిగి వచ్చి, వంగి, ఆయన కంచం అంచుకు చిటికెడు పెట్టింది.

ఉడికించి తాలింపు పెట్టిన బొబ్బర్ల గుడాలను నాయిన ఆ రోజు ముట్టలేదు. ఆ గిన్నెను మేడం తన వైపు లాక్కొని అడుగుదాకా తినేశారు. గుడాలకు మరో ఏడాది పట్టింది, గారెలకు నా కూతురి మొదటి పుట్టినరోజు దాకా ఆగవలసి వచ్చింది. ఆ పిల్ల పురిటి తరువాత నేరుగా ఈ ఇంటికే వచ్చింది, వాళ్ల అమ్మమ్మ చేతుల్లో.

ఆ సాయంత్రం మేడంను స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపాను. దిగి, గేటు పట్టుకొని, "నిన్ను మటన్ ఎందుకు వండుమన్ననో ఎర్కేనా?" అన్నారు.

"ఎందుకు మేడం?"

"ఆఫీసుల నీ చేతి టీ తాగిన కద." నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మీ ప్రశాంతి అడిగినట్టు నేను ఒక్కనాడు అడిగి ఉంటె, తొమ్మిదేండ్లు రెండేండ్లయితుండెనేమో సీనూ. లేకుంటె నౌకరే పోవునో. ఏమో. అడగలే. పులుసు చేసుకుంట కూసున్న." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "పులుసు మంచిదే. కని ఆ పిల్ల మాట దానికన్న మంచిది. నువ్వు ఆమె మీద జోకులు తక్కువ వెయ్యి."

నాకు నియమాలు నేర్పినవాళ్లు ఇంకొందరు కూడా ఉన్నారు. తాను నడిచిన దారి కంటే దగ్గరి దారి ఒకటి ఉండిందేమోనని, తనకంటే ముప్పై ఏళ్లు చిన్నదాని మాట విని ఒప్పుకున్నది ఈమె ఒక్కరే.

ఆమె రిటైరైన రోజు ఆఫీసులో భోజనాలు పెట్టుకున్నాం. "ఇయ్యాల నేనేం తేను. మీరే తెండ్రి," అని ముందే చెప్పారు. బల్ల చివర కూర్చొని అందరి గిన్నెలూ తన దగ్గరికి రప్పించుకున్నారు. పెద్ద క్లర్కమ్మ పెట్టిన పప్పు తిన్నారు, అటెండరు భార్య పంపిన వంకాయ తిన్నారు. నేను పట్టుదలగా మళ్లీ మటన్ వండి తీసుకుపోయాను. ఒక ముక్క వేసుకున్నారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి, ఇద్దరు మాట్లాడి కూర్చున్నారు, ఆమె ఇంకా నములుతూనే ఉన్నారు. విస్తరి కిందికి తోసేస్తే ఎవరూ చూసేవాళ్లు కాదు. తోయలేదు. పూర్తిగా మింగి, నీళ్లు తాగి, నా వైపు చూసి, "కుక్కర్ నీదేనా?" అని మాత్రం అడిగారు.

మొన్నటి ఎండాకాలంలో పోయారు. నిద్రలో పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఫైలు మూసేసే అలవాటు ఆమెది.

నాకు ఇప్పుడు షుగరు. పని మీద ఊళ్లు తిరిగేవాణ్ని కాబట్టి డాక్టరు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాడు. ఎవరింటికి వెళ్లినా, ఏం పెట్టినా, మొహమాటం లేకుండా వద్దనడం నేర్చుకోవాలట. ఆయన రాసిచ్చిన మందులన్నీ వేసుకుంటున్నాను. పొద్దున నడుస్తున్నాను. ఆ ఒక్క మాట మాత్రం నాకు పట్టుబడటం లేదు. వద్దు అనే మాట పెట్టినవాళ్ల ఇంట్లో ఎంత లోపలిదాకా వినపడుతుందో ఆయన చూసి ఉండడు.

పోయిన నెల అమ్రాబాద్ దిక్కు ఒక విచారణకు పోయాను. అడవి అంచున నాలుగు ఇళ్లు. ఒక ఇంటి అరుగు మీద కూర్చొని కాగితాలు రాసుకుంటుంటే, ఆ ఇంటామె సత్తు గిన్నెలో ఉడికించిన కందగడ్డ, అంటే చిలగడదుంప, ముక్కలు తెచ్చి నా పక్కన పెట్టింది. "తింటరో తినరో సారూ," అన్నది, గిన్నెకు ఇంకా చెయ్యి ఆనించే ఉంచి. నాతో వచ్చిన డ్రైవరు నా షుగరు సంగతి చెప్పబోయాడు. నేను కలం పక్కన పెట్టి ఒక ముక్క తీసుకున్నాను. వేడిగా ఉంది. నేను నమిలి మింగేదాకా ఆమె గడపలోనే నిలబడింది. మింగాక లోపలికి పోయింది.